మూగబోయిన మెట్టు మళ్లీ పలికింది

కాళ్లతో పెడల్ తొక్కుతూ వాయించే హార్మోనియం లాంటి మా పాత రీడ్ ఆర్గాన్‌లో ఒక మెట్టు పలకడం మానేసింది. బెల్లోస్ (గాలి తిత్తి) చిరిగిందేమోనని టెన్షన్ పడ్డాను. కానీ పక్క మెట్లు బాగానే పలుకుతున్నాయి, అంటే లోపం ఆ మెట్టు రీడ్‌లోనే. రీడ్ అంటే చట్రంలో బిగించిన, గాలికి కంపించి పలికే సన్నటి ఇత్తడి నాలుక. ఈ ఆర్గాన్ గాలిని ఊదదు, రీడ్ల గుండా పీల్చుకుంటుంది. దాంతో పాటే దుమ్మూ లోపలికి పోతుంది.

సన్నటి కొక్కెంతో రీడ్‌ను గాడిలోంచి మెల్లగా లాగాను. వెలుతురుకు ఎత్తి చూస్తే ఇత్తడి నాలుకకీ చట్రానికీ మధ్య వెంట్రుకంత నూలు పోగు! మెత్తటి బ్రష్‌తో మొదలు నుంచి కొన వైపు తుడిచాను. గీకలేదు. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఒకసారి పోయిన లోహం తిరిగి రాదు.

రీడ్‌ను అదే గాడిలో పెట్టి పెడల్ తొక్కాను. ఆ వెచ్చటి నాదం పక్క స్వరాలతో కలిసిపోయింది. చాలాసేపు ఆ ఒక్క మెట్టే నొక్కుతూ కూర్చున్నాను.