ఎన్‌ఎఫ్‌ఎస్ కాపీ నడుస్తుంటే మెషిన్ బిగుసుకుపోతోందా?

లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లోకి (నెట్‌వర్క్ మీదుగా వాడుకునే వేరే మెషిన్ ఫోల్డర్) పెద్ద బ్యాకప్ కాపీ పెడితే, పక్క టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టినా అరనిమిషం ఉలుకూ పలుకూ ఉండదు. చాలాసార్లు తప్పు నెట్‌వర్క్‌ది కాదు. రాయాల్సిన డేటాను కెర్నెల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) ముందు ర్యామ్‌లో పోగేస్తుంది, మామూలు సెట్టింగ్‌లో అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా. 16 జీబీ మెషిన్‌లో అది 3 జీబీకి దగ్గర. గిగాబిట్ లైన్‌లో అదంతా ఖాళీ అవ్వాలంటే అరనిమిషం పడుతుంది, మీ ఎల్‌ఎస్ ఆ క్యూ వెనకే నిలబడుతుంది.

ఆ కుప్పను చిన్నది చేయండి. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) సిస్‌సీటీఎల్ అనే కెర్నెల్ సెట్టింగుల కమాండ్‌తో రెండు విలువలు మార్చాలి (డర్టీ అంటే ఇంకా రాయకుండా ర్యామ్‌లో ఉన్న డేటా): వీఎం అనే మెమరీ విభాగం కింద డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్‌కి 67108864 (64 ఎంబీ), డర్టీ బైట్స్‌కి 268435456 (256 ఎంబీ). పేర్లలో ఖాళీలకు బదులు అండర్‌స్కోర్ పెట్టాలి. ఇవి ఇవ్వగానే పాత శాతం విలువలు సున్నా చూపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. రీబూట్ చేస్తే మార్పు పోతుంది కాబట్టి, నచ్చాకే సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్ ఫైల్లో రాసుకోండి.

కెర్నెల్ 5.3 లేదా ఆపైది అయితే మౌంట్ (ఫోల్డర్‌ను మెషిన్‌కు తగిలించడం) ఆప్షన్లలో ఎన్‌కనెక్ట్=4 కూడా చేర్చి చూడండి. ఒక్క టీసీపీ కనెక్షన్ బదులు నాలుగు మీద రిక్వెస్టులు వెళ్తాయి. రీమౌంట్ చాలదు, అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేయాలి.

సర్వర్ డిస్కే నెమ్మదిగా ఉంటే మాత్రం వీటితో కాపీ వేగం పెరగదు. పైగా మొదటి మార్పు లోకల్ డిస్కులకూ వర్తిస్తుంది, భారీగా రాసే డేటాబేస్ ఉన్న మెషిన్‌లో దీని జోలికి వెళ్ళకండి.