రెండు సెషన్ల మధ్య పది నిమిషాలు

నేను కౌన్సెలర్‌ని. ఇంటర్ ఫలితాలప్పుడు రోజుకు ఎనిమిది మంది పిల్లలతో మాట్లాడేదాన్ని. ఒకరోజు రాత్రి పప్పన్నం కలుపుతూ ఉంటే చెయ్యి అలాగే ఆగిపోయింది. పొద్దున ఒకమ్మాయి ఏడుస్తూ చెప్పిన మాటే చెవిలో తిరుగుతోంది. "ఊళ్లోవాళ్ల గొడవలు మన కంచంలోకి ఎందుకే?" అంది అమ్మ.

మొదట రెండు రోజులు సెలవు పెట్టాను. తిరిగి వెళ్లగానే మళ్లీ అదే బరువు. అసలు తప్పు ఎక్కడంటే, ఒకరు లేవగానే ఇంకొకరు కూర్చునేవారు.

ఇప్పుడు మధ్యలో పది నిమిషాలు ఖాళీ. నోట్స్ రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తాను. నవ్వుతారేమో గానీ, ఆ తాళం చప్పుడు నాకు కావాలి. తర్వాత నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. వదలడం నిదానంగా ఉంటే గుండెదడ తగ్గుతుంది. పిల్లలకూ ఇదే నేర్పుతున్నా.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం సూపర్‌విజన్. నెలకు రెండుసార్లు సీనియర్ మేడమ్‌తో, పేర్లు చెప్పకుండా, కేసులు మాట్లాడతాను. "ఆ పిల్ల సంగతి రాగానే నీ గొంతు మారిందేం?" అన్నారు ఒకసారి. ఆ పిల్లలో నాకు మా చెల్లెలు కనిపిస్తోందని అప్పుడే తెలిసింది.

రాత్రిళ్లు నాకు ఫోన్ చేయొద్దని చెప్పడానికి నోరు రాలేదు చాలా రోజులు. ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిస్తాను. 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిన్న మారు వడ్డించుకున్నాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.