స్లాషర్‌తో రోడ్డెక్కే ముందు రెండు గొలుసులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల గడ్డి కొట్టడానికి ట్రాక్టరుకి స్లాషర్ తగిలించి తోట నుంచి తోటకి తిరిగేవాళ్లందరికీ ఉన్న బాధే ఇది. గోతుల రోడ్డు మీద స్లాషర్‌ని ఎత్తి పట్టుకునే హైడ్రాలిక్ లిఫ్ట్ కొంచెం కొంచెంగా దిగిపోతుంది, స్లాషర్ అటూ ఇటూ ఊగి టైరుకి రాసుకుంటుంది.

ముందు పీటీవో (ఇంజిన్ శక్తిని స్లాషర్‌కి అందించేది), ఇంజిన్ రెండూ ఆపండి. బ్లేళ్లు పూర్తిగా ఆగాక పీటీవో షాఫ్ట్ ఊడదీయండి. మళ్లీ స్టార్ట్ చేసి స్లాషర్‌ని అడుగున్నర ఎత్తు లేపండి. 10 మి.మీ. ఇనుప గొలుసులు రెండు తీసుకుని ట్రాక్టరు వెనక పైన ఉండే టాప్ లింక్ బ్రాకెట్ నుంచి, స్లాషర్‌ని మోసే కింది రెండు లింకులకీ (చేతులకీ) చెరొకటి బిగించండి. పొడవు మీ ట్రాక్టరు మీద కొలిచి కోయించుకోవాలి. తర్వాత లివర్‌ని కాస్త దించితే బరువు గొలుసుల మీదకి వస్తుంది, హైడ్రాలిక్‌కి విశ్రాంతి. పక్కల చెక్ చైన్లు (కింది లింకులు పక్కలకి ఊగకుండా పట్టుకునేవి) కూడా బిగిస్తే ఊగడం ఆగుతుంది. మొత్తం ఐదు నిమిషాల పని.

గొలుసులున్నా సరే, లేచి ఉన్న స్లాషర్ కిందకి మాత్రం ఎవరూ దూరకండి.

చిన్న ట్రాక్టరుకి బరువైన స్లాషర్ అయితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టదు. దానికి ఈ గొలుసులు పనికిరావు, ముందు బరువులు వేసుకోవాల్సిందే. సొంత చక్రాలతో వెనక ఈడ్చుకెళ్లే రకానికీ ఈ పద్ధతి కాదు.

తోటకి చేరాక గొలుసులు తీసాకే కోత. 2018 తిత్లీ తుపానుకి పడిన చెట్ల మొదళ్లు గడ్డిలో ఇంకా ఉన్నచోట ముందు నడిచి చూసి, కర్ర పాతి గుర్తు పెట్టుకోండి.