హాఫ్ టికెట్టుకూ ఒక సీటే: కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు నిర్వహణ, 7వ పాఠం

ఒక కాలేజీ జట్టులో ఎవరికి ఎంత స్కాలర్‌షిప్పు ఉందో పట్టిక వేయమని గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ఈ పాఠం తీరు మార్చుకోవలసి వచ్చింది. ఈసారి పూర్తిగా తక్కువ రేటింగ్ (హైస్కూలు ఆటగాళ్ళకు నిపుణులు స్టార్లలో ఇచ్చే అంచనా) ఉన్న ఆటగాళ్ళను వెతికి పట్టుకోవడం గురించే రాయాలనుకున్నాను. కానీ సీట్ల లెక్క తప్పిన పట్టికలో ఎంత మంచి కుర్రవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా ప్రయోజనం ఉండదు కనుక ముందు ఆ లెక్క సరిచేసుకుందాం. తప్పులో నా వాటా కూడా ఉంది. అమెరికా కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్-1లో పురుషుల జట్టుకు 13 స్కాలర్‌షిప్పులని ఒక్క వాక్యం రాసి, మిగతాది అందరికీ తెలిసే ఉంటుందనుకుని దాటవేశాను.

వచ్చిన పట్టికల్లో చాలా వరకు ఒకే మూసలో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని, పంపినవారి పేరు తీసేసి, ఇక్కడ వివరిస్తున్నాను. 2023-24 సీజన్‌కు పై వరుసలో పూర్తి స్కాలర్‌షిప్పు ఉన్నవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ కింద తలా సగం స్కాలర్‌షిప్పుతో ముగ్గురు. ఆ తరువాత ఒక అడ్డగీత, దాని కింద స్కాలర్‌షిప్పు లేకుండా ఆడే వాక్-ఆన్‌లు ఇద్దరు. మొత్తం 12.5 అని వేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో "ఇంకా అర సీటు ఉంది, దానితో ఒక టూ స్టార్ గార్డును తెస్తాను" అని రాశారు (గార్డు అంటే బంతిని నడిపే ఆటగాడు). అర సీటు మిగలడం మాట అటుంచి, ఆ జట్టు అప్పటికే పరిమితిని ఒకటి దాటేసింది. ఎందుకంటే అక్కడ చూడవలసిన అంకె 12.5 కాదు, 14.

ఆర్టీసీ బస్సులో హాఫ్ టికెట్టు కొన్న పిల్లవాడు సగం సీటులో కూర్చోడు. చార్జీ సగమే గానీ, వాడు కూర్చున్న చోట మరొకరు కూర్చునే వీలు లేదు. కండక్టరు సంచీలో పడిన డబ్బు ఒక లెక్క, బస్సులో నిండిన సీట్లు మరొక లెక్క. డివిజన్-1 పురుషుల బాస్కెట్‌బాల్‌కు, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన 13 అనే పరిమితి ఈ రెండవ లెక్కకు చెందినది; దాన్నే హెడ్‌కౌంట్ అంటారు. ఆట కారణంగా కాలేజీ ఒక ఆటగాడికి పూర్తి ఫీజు ఇవ్వవచ్చు, ఇంకొకడికి సగం ఫీజు, మరొకడికి పుస్తకాల ఖర్చు మాత్రమే ఇవ్వవచ్చు. పరిమితి దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ మూడు తలలే. సగం ఇచ్చి పూర్తి సీటు పోగొట్టుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు గనుకనే ఆ పద్ధతిలో కోచ్‌లు సాధారణంగా స్కాలర్‌షిప్పును ముక్కలు చేసేవారు కాదు.

మరి ఈ అరలు మీ పట్టికల్లోకి ఎక్కడి నుంచి వచ్చాయి? డివిజన్-2 నుంచి వచ్చాయని నా అనుమానం. అక్కడ పురుషుల బాస్కెట్‌బాల్‌కు 10 పూర్తి స్కాలర్‌షిప్పులకు సమానమైన మొత్తం ఉంటుంది, దాన్ని ఎంత మందికైనా పంచవచ్చు. ఆ ఈక్వివలెన్సీ పద్ధతిలో అరలూ పావులూ చక్కగా చెల్లుతాయి. డివిజన్-3లో ఆట పేరు మీద స్కాలర్‌షిప్పులే లేవు కాబట్టి ఈ పాఠంతో వాళ్ళకు పని లేదు.

ఇంతటితో అయిపోయిందనుకుంటే ఇంకొక మెలిక ఉంది. 2025 జూన్ 6న, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం లభించడంతో, ఆ ఏర్పాటులో చేరిన కాలేజీలకు 2025-26 సీజన్ నుంచి స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఉండే మనుషుల సంఖ్య మీద 15 అనే పరిమితి వచ్చింది. ఆ కాలేజీలు 15 మందికీ పూర్తి స్కాలర్‌షిప్పు ఇవ్వవచ్చు, ముక్కలు చేసి పంచనూ వచ్చు, కానీ వాక్-ఆన్ కూడా ఆ 15 మందిలో ఒకడవుతాడు. కొత్త పరిమితి వల్ల జట్టులో చోటు పోయిన పాత ఆటగాళ్ళకు మాత్రం ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. ఏర్పాటులో చేరని కాలేజీలకు పాత 13 అలాగే ఉంది.

ఇప్పుడు అదే పట్టికను మూడు చోట్ల పెట్టి చూడండి. పాత డివిజన్-1 నిబంధన కింద 13కు 14, అంటే ఒకటి ఎక్కువ. అడ్డగీత కింద ఉన్న ఇద్దరూ లెక్కలోకి రారు. డివిజన్-2లో తలలతో పని లేదు, 10కి 12.5, అంటే రెండున్నర ఎక్కువ. హౌస్ ఏర్పాటులో చేరిన కాలేజీలో అడ్డగీతే చెరిగిపోతుంది, పదహారు మందీ లెక్కే, మళ్ళీ ఒకటి ఎక్కువ. కానీ అక్కడ తగ్గించవలసింది స్కాలర్‌షిప్పును కాదు, మనిషిని. అందుచేత పట్టిక మొదలుపెట్టే ముందు పై మూలలో ఏ సీజన్, ఏ డివిజన్, హౌస్ ఏర్పాటులో ఉన్నారా లేదా అన్న మూడు సంగతులు రాయండి. నేను ఎర్ర పెన్సిలుతో రాసుకుంటాను.

నాకు మరొక అలవాటు ఉంది, దాన్ని మీ మీద రుద్దడానికి వెనుకాడను. పేరు పక్కన ఫ్రెష్‌మన్ (మొదటి ఏడు), జూనియర్ (మూడో ఏడు) అని రాయను. ఆటగాడు చివరిగా ఆడగల సంవత్సరం రాస్తాను. జట్టులో ఉండి కూడా ఆ ఏడు ఆడకుండా అర్హత మిగుల్చుకునే రెడ్‌షర్ట్ పద్ధతి వల్లా, కోవిడ్ కారణంగా 2020-21 సీజన్‌ను ఎవరి అర్హతలోనూ లెక్కపెట్టకపోవడం వల్లా, చాలా ఏళ్ళ పాటు "సీనియర్" అన్న మాటకు అర్థమే లేకుండా పోయింది. చివరి సంవత్సరాలు నిలువుగా రాసుకుంటే, ఏ వేసవిలో ఆరుగురు ఒకేసారి వెళ్ళిపోతున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక తక్కువ రేటింగ్ ఆటగాళ్ళ సంగతి. మీ జవాబుల్లో సగం ఎన్‌బీఏ తార స్టెఫెన్ కరీ పేరుతోనే మొదలయ్యాయి. నిజమే, తండ్రి డెల్ కరీ ఆడిన వర్జీనియా టెక్ అతన్ని వాక్-ఆన్‌గా రమ్మంది, అతను డేవిడ్‌సన్‌కు వెళ్ళాడు, 2008లో ఆ చిన్న కాలేజీ జాతీయ టోర్నీలో చివరి ఎనిమిది జట్లలో నిలిచి కాన్సాస్ చేతిలో 59-57తో ఓడింది. అయితే ఈ కథ విని త్రీ స్టార్ గార్డును తీసుకొచ్చిన కోచ్‌కు కరీ దొరకడు, త్రీ స్టార్ గార్డే దొరుకుతాడు. రేటింగ్ ఎంత తక్కువ అన్నది నాకు ముఖ్యం కాదు. ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి, ఆ కారణం కాలంతో తీరేదై ఉండాలి.

పొడవాటి కుర్రవాళ్ళంటే నాకున్న బలహీనత దాచుకోను గనుక జాక్ ఈడీని తీసుకుంటాను. టొరంటోలో బేస్‌బాల్, ఐస్ హాకీ ఆడుతూ పెరిగిన ఇతను హైస్కూలు రోజుల్లో గానీ బాస్కెట్‌బాల్ పట్టలేదు. 2020లో పర్డ్యూ యూనివర్సిటీలో చేరేనాటికి జాతీయ ర్యాంకు 400 దాటిన చోట ఉంది. అతని ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు. ఆ కుర్రవాడికి అనుభవం తక్కువే తప్ప పొడుగు తక్కువ కాదు, అనుభవం కాలంతో వచ్చేదే. ఆట సగటున అతని పాయింట్లు మొదటి ఏడు 8.7, రెండో ఏడు 14.4, మూడో ఏడు 22.3, నాలుగో ఏడు 25.2. చివరి రెండేళ్ళూ దేశంలో ఉత్తమ ఆటగాడు అతనే. 2024లో జట్టు జాతీయ టోర్నీ ఫైనల్ దాకా వెళ్ళింది. కోచ్ మ్యాట్ పెయింటర్ మొదటి ఏడు అతన్ని పూర్తి భారం మోయమనలేదు, అదే స్థానంలో ట్రెవియన్ విలియమ్స్ అప్పటికే ఉన్నాడు. పట్టిక భాషలో చెప్పాలంటే, నెమ్మదిగా పండే కాయను పండిన కాయ పక్కన ఉంచారు. విలియమ్స్ లేని పట్టికలో ఈడీని రాస్తే అది వేరే నిర్ణయం అవుతుంది.

కారణం వేరే రకంగానూ ఉండవచ్చు. తరువాత ఎన్‌బీఏ తార అయిన జా మొరాంట్‌ను హైస్కూలు రోజుల్లో ఎవరూ పెద్దగా చూడలేదు. ముర్రే స్టేట్ అసిస్టెంట్ కోచ్ వేరొక కుర్రవాణ్ణి చూడడానికి వెళ్ళి, పక్క జిమ్‌లో ఇతన్ని గమనించాడు. రాన్ బేకర్ కాన్సాస్ రాష్ట్రంలోని స్కాట్ సిటీ అనే చిన్న ఊరి నుంచి విచిటా స్టేట్‌కు వాక్-ఆన్‌గా వచ్చి, ఒక ఏడు రెడ్‌షర్ట్‌గా కూర్చుని, 2013లో ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ) ఆడాడు. ఆనాడు వాక్-ఆన్‌గా అతను 13లో ఒక సీటు కూడా ఆక్రమించలేదు. ఇవాళ హౌస్ ఏర్పాటులో ఉన్న కాలేజీలో అయితే మొదటి రోజు నుంచే 15లో ఒక సీటు. తక్కువ రేటింగ్ కుర్రవాణ్ణి ఖర్చు లేకుండా ఏడాది పాటు పరీక్షించే దారి అక్కడ దాదాపు మూసుకుపోయిందని నా అభిప్రాయం.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే పోర్టల్ గురించి క్లుప్తంగా. 2021లో ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, ఏడాది కూర్చోకుండానే కాలేజీ మారే స్వేచ్ఛ వచ్చింది. 2025లో ఛాంపియన్ అయిన ఫ్లోరిడా గార్డులను చూడండి: వాల్టర్ క్లేటన్ అయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్‌మాంట్ నుంచి, అలీజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చారు. నీళ్ళు పోసి పెంచినవారొకరు, కాయలు కోసుకున్నవారొకరు. చిన్న కాలేజీ పట్టిక రాసేటప్పుడు, మంచి సీజన్ ఆడిన ప్రతి తక్కువ రేటింగ్ ఆటగాడి చివరి సంవత్సరం పక్కన నేను ప్రశ్నార్థకం పెట్టి, అదే స్థానానికి ఇంకొక పేరు పెన్సిలుతో రాస్తాను. ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాను కూడా. దీన్ని పిరికితనం అనేవాళ్ళున్నారు.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక డివిజన్-1 జట్టుకు 2023-24, 2024-25, 2025-26 పట్టికలు మూడూ తయారు చేయండి. ప్రతి తక్కువ రేటింగ్ ఆటగాడి పక్కన ఆ రేటింగ్‌కు కారణం ఒక్క వాక్యంలో రాయండి, అందులో "కష్టపడతాడు" అన్న మాట ఉండకూడదు. ముగ్గురు పోర్టల్‌లోకి వెళ్ళిపోయారనుకుని మూడో పట్టికను మళ్ళీ మొదటి నుంచి రాయండి. మొదటి పట్టికలో ఎక్కడైనా అర అంకె కనబడితే మిగతా రెండూ చదవకుండానే తిప్పి పంపుతాను.