అమ్మ ఆధార్‌లో బెంగళూరు అడ్రస్ ఇలా మార్చాను

నాన్న పోయాక అమ్మని అనంతపురం నుంచి మారతహళ్ళికి తీసుకొచ్చేశాను. ఆమె ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ఎక్కించడానికి నెలన్నర పట్టింది, అదీ నా పొరపాటు వల్లే. నా పేరు మీదున్న రెంట్ అగ్రిమెంట్ ఆధార్ సెంటర్‌లో ఇచ్చాను, రిజెక్ట్ అయింది. వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ అతను అమ్మ పేరుతో ఇంకో అగ్రిమెంట్ రాయిద్దామన్నాడు కానీ, అద్దెకున్నది నేను, లేనిది ఉన్నట్టు రాయించడం నాకు ఇష్టం లేదు.

2023 నుంచి కుటుంబ పెద్ద ద్వారా అడ్రస్ మార్చుకునే పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. 18 ఏళ్లు దాటితే చాలు, కొడుకైనా 'పెద్ద'గా ఉండొచ్చు. నా ఆధార్‌లో బెంగళూరు అడ్రసే ఉంది, అదే అమ్మకీ ఎక్కుతుంది.

అయితే అసలు చిక్కు ఓటీపీ దగ్గర వచ్చింది. అమ్మ ఆధార్‌కి ఉన్నది నాన్న నంబరు, అదెప్పుడో ఆగిపోయింది. ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి వేలిముద్ర వేయించి ఆమె సొంత నంబరు ఎక్కించాను (మీరూ ముందు ఇదే చూసుకోండి, ప్లీజ్). తర్వాత మైఆధార్ వెబ్‌సైట్‌లో అమ్మ లాగిన్‌తో నా ఆధార్ నంబరు ఇచ్చి, బంధుత్వానికి రుజువుగా ఇద్దరి పేర్లూ ఉన్న పాత రేషన్ కార్డు పెట్టాను. అలాంటి కాగితం లేకపోతే కుటుంబ పెద్ద స్వయంగా డిక్లరేషన్ ఇవ్వొచ్చు. అక్కడితో అయిపోలేదు, 30 రోజుల్లోపు నేను నా లాగిన్‌లో ఒప్పుకోవాలి, లేకపోతే రిక్వెస్ట్ మూసేస్తారు.

ఈసారి ఓటీపీ అమ్మ ఫోన్‌కే వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె తనే చదివి చెప్పింది.