పాత రంగుల సినిమాను బాగుచేయడం – 4వ పాఠం: ఎర్రబారిన ప్రింటు

గత పాఠంలో ఫిల్మును శుభ్రం చేసి, లైటు ప్యానెల్ మీద పెట్టి, ఒక్కో ఫ్రేమునూ కెమెరాతో రా ఫైలుగా (కెమెరా తనంతట తాను మెరుగులు దిద్దని ఫైలు) తీసుకున్నాం. ఇవాళ్టి పని రంగు. బాగుచేయబోయి సినిమాను పాడుచేసేది ఎక్కువగా ఇక్కడే. అందుకని నిదానంగా వెళ్దాం.

ముందు ఆ ఎరుపు ఎక్కడిదో తెలియాలి. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్ కలర్‌లో సయాన్ (నీలిపచ్చ), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు అనే మూడు రంగుల పొరలూ ఒకే ఫిల్ము మీద ఉంటాయి. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ (1963) తీసిన గేవాకలర్ కూడా ఇలా పొరలున్న ఫిల్మే. ఆ కాలపు ప్రింట్లలో అన్నిటికంటే ముందు వెలిసేది సయాన్. వెలుతురు తగలకుండా డబ్బాలో మూసి ఉంచినా వెలుస్తుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఇంకా తొందరగా పోతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఉప్పుగాలికి ఇనప బీరువాలే తుప్పుపడతాయి. టూరింగ్ టాకీసు రేకుల కింద ఏళ్ల తరబడి పడున్న రీళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

సయాన్ పొర చేసే పని ఎర్రటి కాంతిని ఆపడం. ఆ పొర పలచబడితే ఎరుపుకి అడ్డు తగ్గిపోతుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న ముక్క చూద్దాం. జాతరల్లో పిల్లలు కొనుక్కుని, నీళ్లు నింపిన బల్బు ముందు పెట్టి గోడ మీద బొమ్మ చూసుకునేవారే, ఆ రకం ముక్క. తోటలో పాట. హీరో పంచె కాస్త గులాబీగా ఉంది, అంతే. హీరోయిన్ జడ మాత్రం నలుపన్నది లేకుండా ఇటుక రంగుకి తిరిగింది. వెనక మామిడాకులు మట్టిరంగు. బొట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, ఎందుకంటే నుదురూ ఎర్రగానే ఉంది.

పంచెకు తక్కువ దెబ్బ, జడకు ఎక్కువ దెబ్బ. ఎందుకు? తెల్లటి చోట సయాన్ మొదటినుంచీ ఉండీ లేనట్టే ఉంటుంది, కాబట్టి పోవడానికీ ఏమీ లేదు. నల్లటి చోట నిండుగా ఉండేది, పోయిందీ అక్కడే. అంటే జబ్బు నీడల్లో ఉంది. ఇది అర్థం కాకుండా మొత్తం బొమ్మలో ఎరుపు తగ్గిస్తే జడ సగమే బాగుపడుతుంది, పంచె మాత్రం పచ్చబారుతుంది. యూట్యూబ్‌లో కనిపించే పాత పాటల్లో మొహాలు పాలిపోయి, తెల్లచీరలు ఆకుపచ్చగా మెరుస్తుంటాయి చూడండి, చాలావాటికి కారణం ఇదే.

రంగులు సరిచేసే డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. ఫ్రేము తెరిచి పరేడ్ స్కోప్ (ఒక్కో రంగు ఎంత వెలుగుగా ఉందో చూపే గ్రాఫు; కింద చీకటి, పైన వెలుగు) పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కనే మూడు గుంపులుగా కనిపిస్తాయి. ఆకుపచ్చ, నీలం గుంపుల అడుగు కింద దాకా దిగి ఉంటుంది. ఎరుపు అడుగు మాత్రం పైన వేలాడుతూ, గుంపంతా ఇరుగ్గా నొక్కుకుపోయి ఉంటుంది. ఎరుపు లిఫ్ట్ (నీడల్ని మార్చే మీట) ఒక్కటే పట్టుకుని, దాని అడుగు మిగతా రెండిటి అడుగుకి చేరేదాకా దించండి. జడ నల్లబడుతుంది. తర్వాత ఎరుపు గెయిన్‌తో (వెలుగు చోట్లని మార్చే మీట) పై అంచు సరిచేయండి. గామా (నడిమి వెలుగుల్ని మార్చే మీట) ఆఖరికి, అదీ చర్మం రంగు చూస్తూ. ఇలా సాగదీసినప్పుడు ఎరుపు ఛానెల్లో ఫిల్ము గరుకు (గ్రెయిన్) పైకి తేలుతుంది. కంగారుపడి నునుపు చేసేయకండి, దాని సంగతి వచ్చే పాఠంలో చూద్దాం. అసలు ఫొటో తీసేటప్పుడే ఎరుపు మితిమీరి అందులోని వివరం పోయి ఉంటే మాత్రం ఇక్కడ ఏం చేసినా రాదు. ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీయాల్సిందే.

తెలుపు దగ్గర జాగ్రత్త. పొందూరు ఖద్దరు పంచెని ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూడండి. ఒకే బట్ట రెండు తెలుపులు చూపిస్తుంది. పైగా నీలిమందు పెట్టి ఉతికిన పంచె కాస్త నీలంగా ఉండటమే నిజం. అందుకే తెల్లబట్ట కనిపించగానే డ్రాపర్‌తో (ఇదే తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చూపే గుర్తు) నొక్కేసి సరిపోయిందనుకోవద్దు. నేనైతే జడ నలుపు, కళ్లలో తెలుపు, బూడిదరంగు రాయో గోడో ఉంటే అదీ, మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాకే ముందుకెళ్తాను. ఆ తర్వాత పసుపు, కుంకుమ, ఆకు వాటంతటవే దారికొస్తాయి. రాకపోతే మొదట సరిచేసిన నలుపులోనే తేడా ఉందన్నమాట.

ఇంకోటి, సంధ్యవేళ తీసిన సీన్ని మధ్యాహ్నం చేయకండి. కెమెరామన్ కావాలని పెట్టిన పసుపు వెలుగుని లోపం అనుకుని తుడిచేస్తే అది బాగుచేయడం కాదు. అంతకంతకూ రంగులు దట్టించి కొత్త సినిమాలా మెరిపించడమూ కాదు. ఆ ఫిల్ము మొదటిరోజు ఆటలో ఎలా కనిపించి ఉంటుందో అంతవరకే మన హద్దు.

గదిలో కిటికీ మూసి, మానిటర్ వెనక 6500 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) తెల్లలైటు తక్కువగా పెట్టుకోండి. మానిటర్ రెక్. 709 అనే రంగుల ప్రమాణంలో, గామా 2.4లో (ఈ గామా ఇందాకటి మీట కాదు, మానిటర్ వెలుగు చూపే తీరుకి కొలత) ఉండాలి. ఇంట్లో టీవీకి వెళ్లే బొమ్మకి కొలత అదే. కన్ను ఎరుపుకి తొందరగా అలవాటుపడిపోతుంది, కాబట్టి మధ్యమధ్యలో బూడిదరంగు తెరవైపు చూస్తూ ఉండండి.

పాటల్లో డిజాల్వ్‌లు (ఒక షాటు మెల్లగా ఇంకోదానిలో కలిసిపోయేవి) వచ్చినచోట రంగు ఒక్కసారిగా మారితే మీ తప్పు కాదు. అప్పట్లో ఆ ముక్కని ల్యాబ్‌లో నకలు తీసి అతికించేవారు, కాబట్టి దాని రంగు తీరు వేరు. డిజాల్వ్ మొదలయ్యే ఫ్రేము దగ్గర కోసి విడి షాటుగా సరిచేయండి. రీలు మారినప్పుడూ అంతే. ఒక రీలుకి కుదిరిన అంకెలు ఇంకోదానికి కుదరవు.

అభ్యాసం: ఒకే పాటలోంచి మూడు ఫ్రేములు తీసుకోండి. ఎండలో ఒకటి, నీడలో ఒకటి, మొహం దగ్గరగా ఉన్నది ఒకటి. లిఫ్ట్, గెయిన్, గామా ఆ వరుసలోనే చేసి, మూడిట్లోనూ జడ ఒకే నలుపుగా వచ్చేదాకా ఆగండి. సరిచేయనివీ సరిచేసినవీ రెండూ వేర్వేరు ఫోల్డర్లలో దాచండి. వచ్చే పాఠంలో గీతలు, దుమ్ము తీసేటప్పుడు రెండూ కావాలి.