అక్వేరియంలో క్యాట్‌ఫిష్‌కి దెబ్బ తగిలితే ఏం చేయాలి?

పొద్దున లైటు వేసి చూస్తే సక్కర్ ఫిష్ తోక చిరిగిపోయి ఉంది, లేదా పక్కన ఎర్రగా చర్మం లేచిపోయి ఉంది అనుకోండి. వెంటనే షాపుకి పరిగెత్తి ఏదో ఒక నీలం మందో పచ్చ మందో తెచ్చి పోసేయకండి. చేప గాయాన్ని చాలావరకు మాన్పేది శుభ్రమైన నీళ్లే, మందు తర్వాతి మాట. ఈ జాతి చేపల విషయంలో తొందరపడి పోసిన మందే గాయం కంటే ఎక్కువ హాని చేసే ప్రమాదం ఉంది.

ఎందుకంటే సక్కర్, కోరీడోరాస్, మన షాపుల్లో షార్క్ అని అమ్మే పంగాసియస్ (కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో తిండి కోసం పెంచేది ఇదే), ఇవన్నీ మన జెల్ల, వాలుగలకు చుట్టాలే, వీటికి పొలుసులు ఉండవు. షార్క్‌కి ఉత్త చర్మం, సక్కర్‌కీ కోరీకీ ఒంటి మీద గట్టి పలకలు. అందుకే రాగి, మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్ కలిసిన మందుల్ని ఇవి మిగతా చేపల్లా తట్టుకోలేవు. సీసా మీద రాసిన మోతాదు మామూలు పొలుసు చేపల కోసం అనుకుని, వీటికి సగంతోనే మొదలుపెట్టాలి.

ముందు నీళ్లు చూడండి

చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. టెస్ట్ కిట్ లేకపోతే ఒక సీసాలో నీళ్లు అక్వేరియం షాపుకి పట్టుకెళ్లి చూపించండి, భీమవరం, కైకలూరు వైపు ఉన్నవాళ్లకైతే రొయ్యల రైతుల కోసం పెట్టిన ఆక్వా ల్యాబులు ఉండనే ఉన్నాయి. అదీ కుదరకపోతే 30 శాతం నీళ్లు మార్చేయండి, నష్టమేమీ లేదు. కొత్త నీళ్లు మునిసిపల్ కుళాయివైతే క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలిపాకే పోయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ లవణాలు ఎక్కువ, ఒకేసారి ఎక్కువగా మారిస్తే చేపకి అదొక షాక్. ఆర్వో నీళ్లు శుభ్రం కదా అని అవి మాత్రమే పోసేవాళ్లున్నారు, దయచేసి అలా చేయొద్దు, వాటిలో చేపకి కావాల్సిన లవణాలే ఉండవు.

పట్టుకోవాల్సి వస్తే వల వాడకండి

రెక్క చివర కొద్దిగా చిరిగి, తిండి మామూలుగా తింటుంటే దాన్ని ఉన్నచోటే ఉంచండి, కదిలించడమే దానికి పెద్ద టెన్షన్. గాయం లోతుగా ఉన్నా, వేరే చేపలు వచ్చి పొడుస్తున్నా మాత్రం వేరు చేయక తప్పదు. అప్పుడు లైటు ఆపి, వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాని నీళ్లలో ముంచి, చేపని మెల్లగా అందులోకి తోలి నీళ్లతో సహా ఎత్తండి. పక్క రెక్కల దగ్గర, వీపు మీద వీటికి గట్టి ముళ్లుంటాయి, భయపడగానే నిటారుగా బిగుస్తాయి. వలలో ఆ ముళ్లు ఇరుక్కుంటే లాగొద్దు, లాగితే ముల్లు విరుగుతుంది, చుట్టూ చర్మం చీలుతుంది. వలని నీళ్లలోనే ఉంచి కత్తెరతో దారాలు కత్తిరించండి, వల ఇంకోటి కొనుక్కోవచ్చు. జెల్ల ముల్లు ఒకసారి గుచ్చుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మీ వేళ్లూ జాగ్రత్త.

వేరుగా ఉంచే తొట్టి

చిన్న చేపకి ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్ చాలు, గతంలో సబ్బు తగిలినదై ఉండకూడదు. అడుగున ఇసుక, రాళ్లు ఏమీ వద్దు, రెట్ట వెంటనే కనిపించాలి, తీసేయడానికి వీలుగా ఉండాలి. దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క తప్పనిసరి, అంచుల్ని ముందే గీకి నున్నగా చేయండి. దాక్కునే చోటు లేని క్యాట్‌ఫిష్ రోజంతా గోడలకి కొట్టుకుంటూనే ఉంటుంది. పెద్ద ట్యాంకులో వాడిన స్పాంజ్ ఫిల్టర్ తెచ్చి ఇందులో పెడితే దానిలోని మంచి బ్యాక్టీరియా కూడా వస్తుంది. ఆ స్పాంజ్‌ని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అయినా సరే ఇక్కడ రోజూ పావు వంతు నీళ్లు మార్చాల్సిందే. వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది, ఎండాకాలంలో ముప్పై దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి పంపు ఆపకండి. కోరీలు, సక్కర్లు అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగడం మామూలే, కానీ అదే పనిగా వస్తుంటే ఏదో తేడా ఉన్నట్టు.

ఉప్పు, బాదం ఆకు, పసుపు

కల్లుప్పు వేయొచ్చు, లీటరుకి ఒక గ్రాము చాలు. కంటితో అంచనా వేయకుండా వంటింటి త్రాసులో తూచండి. ముందు మగ్గులో కరిగించి, రోజంతా మూడు నాలుగు విడతలుగా పోయండి, గింజలు నేరుగా చేప మీద పడకూడదు. ఉప్పు ఆవిరైపోదు, అందుకని నీళ్లు మార్చినప్పుడు ఎన్ని లీటర్లు కొత్తగా పోశారో వాటికే లెక్కగట్టి వేయాలి, ఇక్కడే చాలామంది లెక్క తప్పి ఉప్పు పెంచేస్తారు. చేప ఊపిరి వేగం పెరిగినా, ఒరిగిపోతున్నా వెంటనే సగం నీళ్లు మార్చేయండి.

మన వీధుల్లో ఉండే బాదం చెట్టు కింద ఎండి రాలిన ఆకులు నాకు చాలా ఇష్టమైన చికిత్స. పురుగుమందు కొట్టని చెట్టువి, గోధుమరంగు తిరిగినవి ఏరి, కడిగి, ఇరవై లీటర్లకి ఒక ఆకు వేయండి. నీళ్లు టీ రంగులోకి మారతాయి, ఆ కషాయం ఫంగస్‌ని కొంతవరకు అదుపులో పెడుతుంది. పసుపు రాస్తే గాయం మానుతుంది కదా అని చేపని బయటకి తీసి పూయడం మాత్రం వద్దు, చేతుల్లో పట్టుకున్నప్పుడల్లా ఒంటి మీద జిగురు పొర పోతుంది, దానికున్న అసలు రక్షణ ఆ పొరే.

గాయాన్ని రోజూ చూడండి

మొదట్లో అంచులు ఎర్రగా ఉంటాయి. తర్వాత మీద పల్చగా, మాంసానికి అతుక్కుని తెల్లటి పొర వస్తే అది కొత్త చర్మం, కంగారుపడొద్దు. తోక చిరిగిన చోట గాజులా పారదర్శకమైన సన్నని అంచు కనిపిస్తే రెక్క మళ్లీ పెరుగుతున్నట్టే. అలా కాకుండా తెలుపు దూదిలా పైకి లేచి నీటి కదలికకి ఊగుతుంటే ఫంగస్, అప్పుడు మెథిలీన్ బ్లూ అనే నీలం మందు వాడొచ్చు, అది ఫిల్టర్ బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి స్పాంజ్ తీసేసి, గాలి పంపు గొట్టం చివర బుడగలు వదిలే గాలి రాయి ఒక్కటే ఉంచి వాడండి. ఒకటి రెండు రోజుల్లోనే మచ్చ పాకిపోతూ చుట్టూ ఎర్రటి గీత ఉంటే అది బ్యాక్టీరియా పని కావచ్చు, అక్కడ హీటర్ పెంచకండి, వేడికి ఇంకా ముదురుతుంది. మనుషుల యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్లలో పోయకుండా చేపల గురించి తెలిసిన పశువైద్యుణ్ని అడగండి.

తిండి మొదటి రోజు అక్కర్లేదు. రెండో రోజు రాత్రి లైటు ఆపాక సక్కర్‌కి ఉడికించిన కీరా ముక్క, కోరీకి మునిగే గుళికలు ఒకటి రెండు. మిగిలింది పొద్దున్నే తీసేయాలి. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మురికిని మోసుకొస్తాయి, ఇప్పుడు వద్దు.

తిరిగి వదిలే ముందు

దెబ్బ ఎలా తగిలిందో తేల్చుకోకుండా వదిలితే మళ్లీ అదే కథ. ఒంటి మీద పక్కకి చారలా కాలిన గుర్తుంటే హీటర్‌కి ఆనుకుని పడుకుని ఉంటుంది, హీటర్‌కి జాలీ తొడుగు వేయండి. మీసాలు అరిగిపోయి ఉంటే మురికి పేరుకున్న గరుకు రాళ్లే కారణం, సన్నని ఇసుక వేయండి. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి కొట్లాడే చేపలు ఉన్న ట్యాంకైతే ఇక అందులోకి వద్దు. షార్క్ ముక్కు పగిలితే అద్దానికి గుద్దుకున్నట్టు, అది మీటరు దాటి పెరిగే చేప, చిన్న ట్యాంకులో ఎన్నిసార్లు నయం చేసినా మళ్లీ గుద్దుకుంటుంది, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇచ్చేయడమే న్యాయం. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి, అలా వదిలిన సక్కర్లే ఇప్పుడు మన చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్నాయి.

రెక్క పూర్తిగా పెరిగేదాకా ఆగక్కర్లేదు. గాయం మూసుకుని, తిండి బాగా తింటుంటే రెండు మూడు రోజులు ఉప్పు తగ్గిస్తూ వచ్చి, పెద్ద ట్యాంకులో రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చి, మిగతా చేపలకి తిండి వేసి లైటు ఆపాక డబ్బాతోనే లోపలికి వదలండి.